పలువురి మేలు – ఒకని పొలము

పలువురి మేలునకై ఒకని సొత్తు తీసికొనవచ్చునా యన్న ప్రశ్నకు మనవారు తడుముకొనక ఔననియే యందురు. నేనును అట్లే యందును. అయినను ముంబయి–అహమ్మదాబాదు అతివేగ రైలుమార్గపు లెక్క చూడుడు. 508 కిలోమీటర్ల ఈ మార్గమునకు 2017లో శంకుస్థాపన చేసిననాడు వ్యయము 1,08,000 కోట్ల రూపాయలని అంచనా. అందు నూటికి 81 పాళ్లు జపాను ఋణము. వడ్డీ నూటికి 0.1, గడువు 50 ఏండ్లు. ఈ బరువు జాతియంతటిమీద అర్ధశతాబ్దము పలుచగా పరచుకొనును. భూమి బరువో, దారిలో నున్నవారిమీదనే ఒక్కమారుగా పడినది.

సామాజిక ప్రభావపరిశీలన లేకయే భూమి తీసికొనుట అన్యాయమని గుజరాతు రైతులు వ్యాజ్యెమాడి 2019లో హైకోర్టున ఓడిరి. విక్రోలీ స్థలమునకై పోరిన గోద్రెజు కంపెనీయు 2023లో బొంబాయి హైకోర్టున ఓడెను. ఇరువురకును ఒకే ఫలము. ఇది సమదృష్టి యని మురియువారు గలరు! కంపెనీకి పోయినది కొంత స్థలము. చిన్నరైతునకు పొలముతోడనే వృత్తియు పోవును.

అమ్మగోరినవానికి ఇచ్చునది వెల. అమ్మనొల్లనివానికి వెల యిచ్చినను మనకు ఋణము మిగిలియే యుండును. 2013 నాటి చట్టమున, వెలతోపాటు, భూమి కోల్పోయిన కుటుంబమునకు ఉద్యోగమునకు బదులుగా నెలకు 2,000 రూపాయలకు తక్కువ గాకుండ 20 ఏండ్లు చెల్లించు పద్ధతి యొకటి గలదు. అప్పిచ్చినవానికి 50 ఏండ్లు చెల్లింప నొప్పుకొన్నవారము, పొలమిచ్చినవాని యెడ 20 ఏండ్లకే చేతులు దులుపుకొననేల?