ముందుగా తీర్చిన ఋణము

అప్పు తీర్పకుండుట దోషమని మనకెవ్వరును బోధింపనక్కరలేదు. అగ్నిని, శత్రువును, ఋణమును శేషముంచరాదని పెద్దలు చెప్పుచుండిరి. అట్టిచో గడువునకు ముందే అప్పు తీర్పవచ్చినవానియొద్ద ఋణదాత అదనపు రుసుము గైకొనుట ధర్మమగునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి గాక, మా యిల్లమ్ముకొన్ననాడు పుట్టినది.

మేము బళ్లారిలో మూడు తరములుగా నున్న తెలుగువారము. 2015లో రెండవ యంతస్తులో నొక యిల్లు కొని, పదేండ్ల గడువునకు నూటికి పదిన్నర స్థిరవడ్డీపై ఒక బ్యాంకులో ఋణము దెచ్చితిమి. 2021లో మా యింటియామెకు మోకాళ్ల నొప్పి ముదిరి మెట్లెక్కుట దుర్భరమాయెను. ఇల్లమ్మక తప్పలేదు. అప్పటికి నిలిచియున్న అసలు ఆరు లక్షలు. దానిపై నూటికి రెండు చొప్పున 12,000 రూపాయలు అధికముగా గట్టుమనిరి. ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసి, చదువక చేవ్రాలు చేయవలదని ఊరికెల్ల చెప్పినవారము మేము! ఆ షరతు మా పత్రము నాలుగవ పుటలోనే యుండెను.

కోపమున మొదట మాకు జ్ఞప్తికి వచ్చినది యాజ్ఞవల్క్యస్మృతి. ఋణికుడు సొమ్ము దెచ్చి నిలిచినప్పుడు తాకట్టు విడువవలెననియు, విడువని ధనికుడు దొంగయనియు అందు గలదు. దానికి మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు మన కర్ణాటకమునందలి కల్యాణమువాడు. ఆ మితాక్షరను పదుమూడవ శతాబ్దమున తెనిగించినవాడు మన కేతన. ఇంతటి సాక్ష్యము దొరికెనని మురిసితిమి.

కాని కాగితము దీసి లెక్క వేయగా మా కోపము కొంత చల్లారినది. 2021 నాటికి గృహఋణముల వడ్డీ నూటికి ఏడింటి దరిదాపులకు దిగియుండెను. మేము తిరిగియిచ్చిన సొమ్మును బ్యాంకువారు మరల ఆ ధరకే యీయవలెను. మిగిలిన నాలుగేండ్లకు వారికి గలుగు లోటు నలుబదివేలకు తక్కువ గాదు. మేమిచ్చినది పండ్రెండువేలు. మేము మాత్రము స్థిరనిక్షేపమును గడువునకు ముందు విరిచిన వడ్డీ కోత పడునని యెరిగియే దాచుకొనుట లేదా? మాట యిరువైపులను గట్టవలెను.

అయినను చిక్కు విడిపోలేదు. 2022 మే నుండి 2023 ఫిబ్రవరి లోపల రిజర్వు బ్యాంకు తన రెపోధరను నాలుగునుండి ఆరున్నరకు పెంచెను. తక్కువ స్థిరవడ్డీకి దెచ్చినవాడు ఆ పిమ్మట ఇల్లమ్మి అప్పు తీర్చెననుకొనుడు. ఆ సొమ్మును ఋణదాత హెచ్చువడ్డీకి ద్రిప్పుకొనును. లాభము గలిగినను అదే నూటికి రెండు రుసుము! నష్టపరిహారమైనచో నష్టమున్నచోటనే యుండవలెను గదా. లాభమందును గొనబడునది పరిహారము గాదు, సుంకము. మా యభ్యంతరమంతయు ఇక్కడనే.

చట్టముల తీరును విచిత్రమే. మారుడువడ్డీ గృహఋణములపై బ్యాంకులు ఈ రుసుము గొనరాదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లో శాసించెను, స్థిరవడ్డీని విడిచెను. గృహఋణ సంస్థలకు మాత్రము, స్థిరవడ్డీయైనను ఋణికుడు వేరొకచోట అప్పు చేయక స్వంత ధనముతో దీర్చిన రుసుము గొనరాదని జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2011 అక్టోబరులోనే చెప్పెను. అనగా చౌకవడ్డీకై ఋణము మార్చువానిని, అవసరముచే ఇల్లమ్మువానిని వేరుచేసి చూచినది. ఇది మాకు న్యాయముగా దోచుచున్నది. మేము తట్టిన తలుపు వేరగుటచే మాకా న్యాయము దక్కలేదు. 2026 జనవరి 1 నుండి మంజూరగు ఋణములకు వచ్చిన క్రొత్త నిబంధనలలో, ముందుగా పత్రమున దెలుపని రుసుము గొనరాదని యున్నది. మా నాలుగవ పుటకు అదియు సాయపడియుండదు.

యాజ్ఞవల్క్యుని మాట మాత్రము ఒక వంక నెగ్గినది. అప్పు దీరిన ముప్పది దినములలో ఆస్తిపత్రములు తిరిగి యీయవలెననియు, తమ దోషముచే జాగుచేసిన దినమునకు 5,000 రూపాయలు ఋణికునకు జెల్లింపవలెననియు 2023 సెప్టెంబరులో ఆజ్ఞ వెలువడెను. మా పత్రములు 2021లో మూడు మాసములకు జేతికి వచ్చినవి. అంతవరకు కొన్నవారు రోజు విడిచి రోజు మా గడప ద్రొక్కుచునే యుండిరి.