కూలివాని కాగితము, కూలివాని కూలి



మన సంఘములలో అమెరికాలో బిడ్డలున్న కుటుంబములు ఇప్పుడు కొల్లలుగా ఉన్నవి. మొన్న ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి మమ్మును ఆపి ఇట్లు అడిగినది: "అయ్యగారూ, మా వాడుండే ఊళ్ళో పోలీసులు కాగితాలు అడగరంట. వేరే రాష్ట్రంలో అడుగుతారంట. ఒకే దేశంలో రెండు న్యాయాలేంటండీ? అడగనోళ్ళు మంచోళ్ళా, చట్టం తప్పినోళ్ళా?"

అప్పుడు ఏదో చెప్పి పంపించితిమి గాని, ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ ప్రశ్న మమ్మును విడువలేదు. మనము కూడ వలస వచ్చిన వారి సంతతియే. కాబట్టి దీనిని కొంచెము నిదానముగా ఆలోచించుదము.

ముందు సంగతి ఏమిటో తెలిసికొనవలెను. అమెరికాలో ఎవరు దేశములోనికి రావలెను, ఎవరు ఉండవలెను, ఎవరిని పంపివేయవలెను అనునది కేంద్ర ప్రభుత్వపు పని. దొంగను పట్టుకొనుట, ప్రమాదమునకు పరుగెత్తుట, ఎగవేసిన కూలి ఇప్పించుట నగరముల పని, రాష్ట్రముల పని. మొదటి పనిలో రెండవ వారు ఎంతవరకు చేయి కలుపవలెను? తగాదా అంతయు ఇక్కడనే ఉన్నది.

1979లో లాస్ ఏంజిలిస్ పోలీసు శాఖ నలభైయవ నంబరు ప్రత్యేక ఉత్తర్వు నొకటి వెలువరించినది. ఒకడు దేశములో ఎట్లు ఉన్నాడో కనుగొనుటకే పోలీసులు ఎవరిని ఆపకూడదని దాని సారాంశము. అది అప్పటి పోలీసు అధిపతి డేరిల్ గేట్స్ కాలములో వచ్చినది. ఆయన మెత్తని మనిషియని ఎవరును అనలేదు. మరి ఎందుకు ఒప్పుకొనెను? కారణము సులభమే. పోలీసును చూచి పారిపోయేవాడు సాక్ష్యము చెప్పడు. తన యింట దొంగలు పడినను ఫిర్యాదు చేయడు. అప్పుడు నష్టము వానికి మాత్రమే కాదు, వీధి అంతటికిని.

కూలి సంగతియు అట్టిదే. 2002లో అమెరికా సుప్రీం కోర్టు హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో ఒక తీర్పు చెప్పినది. యూనియన్ పెట్టుటకు సహాయపడినందుకు ఒక కార్మికుని పనిలోనుండి తీసివేసిరి. అట్లు తీసివేయుట చట్టవిరుద్ధమే. అయినను అతనికి పనిచేయుటకు కాగితములు లేవు గనుక, పోయిన కాలపు జీతము ఇప్పించుట కుదరదని అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, నలుగురు మరియొక వైపు ఉండగా కోర్టు నిర్ణయించినది. భిన్నాభిప్రాయము చెప్పిన నలుగురి భయము ఇది: కాగితము లేని వానిని పెట్టుకొని చట్టము మీరినను యజమానికి ఖర్చు తగ్గుననగా, అతడు అట్టి వారినే వెదకి పెట్టుకొనును గదా! అదే సంవత్సరము కాలిఫోర్నియా రాష్ట్రము, కార్మిక చట్టముల రక్షణ కాగితములతో నిమిత్తము లేకుండ పనివారందరికిని వర్తించునని తన చట్టములో వ్రాసికొనెను. పని చేయించుకొన్న తరువాత కూలి ఇచ్చితివా లేదా అనునదే అక్కడి కార్మిక కమిషనరు అడుగు ప్రశ్న.

2017లో ఆ రాష్ట్రమే మరి రెండు చట్టములు చేసినది. ఒకటి, స్థానిక పోలీసులు తమ డబ్బును తమ మనుష్యులను వలస తనిఖీలకు వెచ్చించుటను చాల వరకు ఆపినది. అయితే ఘోరమైన నేరములలో శిక్షపడిన వారిని ఆ రక్షణలోనుండి తీసివేసినది. రెండవది, కార్మికుల కాగితముల తనిఖీ నోటీసు వచ్చినయెడల 72 గంటలలో పనివారికి తెలియజేయవలెనని యజమానులకు విధించినది. కేంద్ర ప్రభుత్వము ఈ చట్టములపై కోర్టుకు వెళ్ళినది. తనిఖీ అధికారులను స్వచ్ఛందముగా లోపలికి రానిచ్చిన యజమానికి జరిమానా అను భాగమును 2018లో కోర్టు నిలిపివేసినది, తక్కినవి చాల వరకు నిలిచినవి. 2020లో సుప్రీం కోర్టు పోలీసుల చట్టముపై కేంద్రము వేసిన అప్పీలును విచారణకు తీసికొనలేదు.

ఇక మనవారి సంగతి. కాగితము లేనివాడనగానే గోడ దూకి వచ్చినవాడని మనము అనుకొందుము. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రములో ఫార్మింగ్టన్ అను పేరుతో ఒక విశ్వవిద్యాలయము బయటపడినది. అది నిజమైన కళాశాల కాదు, వలస శాఖవారే పన్నిన ఉచ్చు. మొదట పట్టుబడిన 130 మంది విద్యార్థులలో దాదాపు అందరును భారతీయులే, అందులో తెలుగు బిడ్డలు ఎందరో. వారిలో కొందరు తెలిసి తప్పు చేసి ఉండవచ్చును. అయినను విమానము దిగిననాడు వారందరికిని వీసా ఉన్నది. కాగితము ఒకనాడు ఉండును, మరునాడు ఉండదు. మనిషి మాత్రము ఆ మనిషే.

ఇంతకంటె బాధాకరమైనది బర్క్లీ నగరపు సంగతి. వియత్నాం యుద్ధమునకు పోనొల్లని నావికులకు 1971లోనే ఆశ్రయమిచ్చుదుమని తీర్మానించిన నగరమది. అట్టి నగరములో 1999 నవంబరులో, ఆంధ్రదేశమునుండి దొంగ కాగితములతో తేబడిన ఒక తెలుగు బాలిక, అద్దె ఇంటిలో విషవాయువు పీల్చి చనిపోయెను. ఆ ఇల్లు ఒక తెలుగు ధనవంతునిది. ఆడపిల్లలను అక్రమముగా తెచ్చి చెరుపుచుండెనను నేరమును అతడు 2001లో ఒప్పుకొనెను, ఎనిమిది సంవత్సరములకు పైగా శిక్షపడెను. ఆ పిల్లలు ఎవరితో చెప్పుకొందురు? తమ భాష తెలిసినవాడే తమను చెరపట్టినవాడు. నగరపు తీర్మానము మంచిదే, కాని అది ఆ పిల్లల చెవిని చేరలేదు. వారి సంగతిని మొదట పత్రికలో వ్రాసినది ఆ ఊరి హైస్కూలు విద్యార్థులు. 2000 అక్టోబరులో అమెరికా కాంగ్రెసు, నేరమునకు గురియై అధికారులకు సహాయపడు వలసవారికి ప్రత్యేక వీసాలు ఏర్పరచినది. అందులో ఒక దానికి స్థానిక పోలీసుగాని, కార్మిక శాఖగాని ధ్రువపత్రము ఇవ్వవలెను. అనగా పోలీసును చూచి పారిపోనవసరము లేనప్పుడే ఆ దయ వానికి అందును.

అయితే ఎదుటివారి మాటయు వినవలెను. అధికారులకు లోబడుమని మనకు బోధింపబడినది గదా, ఇది తిరుగుబాటు కాదా అని కొందరందురు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. 2015 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక యువతి తుపాకి గుండు తగిలి చనిపోయినది. ఆ తుపాకి పేలినది అయిదుసార్లు దేశమునుండి పంపివేయబడిన ఒకని చేతిలో. కొన్ని నెలల ముందు కేంద్రమువారు అడిగినను అతనిని అప్పగింపక జైలునుండి విడిచిపెట్టిరి. తరువాత జూరీ అతనిని హత్యా నేరమునుండి విడిచినది నిజమే. అయినను, అతనిని అప్పగించి ఉంటే నా బిడ్డ బ్రతికి ఉండును గదా అని అడుగు తల్లిదండ్రుల ఎదుట మనము నోరు తెరచి ఏమి చెప్పగలము? ఏ నియమమైనను ఎవరో ఒకరి కన్నీటితో ముడిపడియుండును. ఆ కన్నీటిని లెక్కలోనికి తీసికొననివాడు న్యాయము మాటలాడకూడదు.

ఇంకొక ఆక్షేపణ మరింత బలమైనది. 1957లో లిటిల్ రాక్ పట్టణములో నల్లజాతి బిడ్డలను తెల్లవారి బడిలోనికి రానీయక రాష్ట్ర గవర్నరు సైనికులను నిలిపెను. అదియు స్థానిక అధికారమే గదా? కేంద్రమును ఎదిరించుట అక్కడ పాపమై, ఇక్కడ పుణ్యమెట్లగును?

మాకు తోచిన తేడా ఇది. చేయి కలుపకుండుట వేరు, చేయి అడ్డుపెట్టుట వేరు. లిటిల్ రాక్‌లో సైనికులు దారికి అడ్డు నిలిచిరి. లాస్ ఏంజిలిస్‌లో పోలీసులు తమకు అప్పగింపబడిన పని చేసికొనుచు, తమది కాని పనికి పోలేదు. కేంద్ర అధికారి వచ్చి తన పని తాను చేయవచ్చును. 1842లో బానిసలను పట్టి అప్పగించు చట్టముపై తీర్పు చెప్పినప్పుడు అమెరికా సుప్రీం కోర్టు, ఆ పని చేయుమని రాష్ట్రముల అధికారులను బలవంతపెట్టలేమని అన్నది. 1997లో తుపాకుల చట్టము విషయములో అదే కోర్టు దానివంటి మాటనే చెప్పినది. కాబట్టి చేయి కలుపకుండుట తిరుగుబాటు కాదు. అయితే అది దానంతట అదే నీతియు కాదు. ఆ మానుకొనుటవలన ఎవరు బ్రతికిరి, ఎవరు చెడిరి అని చూచియే మంచిచెడ్డలు చెప్పవలెను.

ఇక్కడ మనకు తెలిసిన మాట యొకటి ఉన్నది. మోషే కాలమున యొర్దానుకు ఈవల మూడు, ఆవల మూడు ఆశ్రయపురములు ఏర్పరచవలెనని ఆజ్ఞాపింపబడెను. అవి స్వదేశస్థునికే గాక పరదేశికిని తెరచియుండెను. తెలియక చేసినవాడు అక్కడ బ్రతుకును. కావలెనని హత్య చేసినవానికి అక్కడ చోటు లేదు. అనగా ఆశ్రయమునకు ఒక ద్వారమును ఉన్నది, ఒక హద్దును ఉన్నది. శాన్‌ఫ్రాన్సిస్కో 1985లో తన్ను తాను ఆశ్రయపురమని చెప్పుకొన్నది ఈ మాటనుండియే. అంతకు ముందు 1982లో టూసాన్ నగరపు సౌత్‌సైడ్ ప్రెస్బిటేరియన్ సంఘము, మధ్య అమెరికా యుద్ధములనుండి పారివచ్చినవారికి తలుపు తెరచినది. ఆ సంఘ కాపరి జాన్ ఫైఫ్‌గారితో సహా ఎనిమిదిమంది 1986లో దోషులుగా నిర్ణయింపబడిరి. వారు చట్టముతో దాగుడుమూతలు ఆడలేదు, తాము చేయునది ముందే బహిరంగముగా చెప్పిరి.

2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వము, ఆరాధన స్థలములు, బడులు, ఆసుపత్రుల వద్ద అరెస్టులు సాధారణముగా చేయకూడదను పాత నియమమును తీసివేసినది. క్వేకర్లతో కలిసి కోపరేటివ్ బాప్టిస్టు ఫెలోషిప్ వారును, శాక్రమెంటోలోని ఒక సిక్కు గురుద్వారావారును కోర్టుకు పోయిరి. ఫిబ్రవరిలో ఒక న్యాయమూర్తి వారి స్థలములవరకు తాత్కాలికముగా రక్షణ ఇచ్చెను. బాప్టిస్టులు, సిక్కులు ఒకే కాగితముపై పేర్లు వ్రాసికొనుట మాకు సంతోషము కలిగించినది.

ఇప్పుడు మన ఇంటివైపు తిరిగి చూచుదము. మన పెద్దలు కోలారు గనులలోనికి దిగిరి, సోలాపూరు మగ్గములయొద్ద కూర్చుండిరి, బొంబాయిలో రాళ్ళు మోసిరి. వారికి వీసా అక్కరలేదు, దేశమంతయు మనదే. అయినను కూలి ఎగవేసినవాడు వారితో ఏమనెను? "మీ ఊరికి పొండి" అనెను. లాస్ ఏంజిలిస్ ఉత్తర్వు వచ్చిన 1979లోనే మన పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేసినది. ఒడిశా దాదన్ కూలీల దుర్దశయే దానికి ముఖ్య కారణము. ఈ కాలములో ఆ ఒడిశావారే తెలంగాణ ఇటుక బట్టీలలో పనిచేయుచున్నారు. బీహారు బిడ్డలు మన వీధి చివర మేడ కట్టుచున్నారు. వారి మేస్త్రీ కూలి ఎగవేసినప్పుడు మనము ఏమందుము? "మనకెందుకులే, వాళ్ళు ఎక్కడివాళ్ళో" అందుము.

కాబట్టి ఆ తల్లికి మా జవాబు ఇది. అమ్మా, ఎవరు ఉండవలెనో నిర్ణయించుకొను హక్కు దేశమునకు ఉన్నది. దానిని మేము కాదనము. కాని సాయంకాలమునకు కూలి చెల్లవలెనను బాకీ అంతకంటె పాతది. అది పరదేశికిని చెల్లవలెనని మోషే ధర్మశాస్త్రమే చెప్పినది. కాగితము లెక్క ప్రభుత్వముతో. చెమట లెక్క పని చేయించుకొన్నవానితో. మొదటి లెక్క చూపి రెండవది ఎగవేయువానికి సహాయము చేయకుండుట చట్టము తప్పుట కాదు. మీ వాడున్న ఊరి పోలీసులు కాగితము అడుగుట లేదనగా, దెబ్బతిన్నవాడు వారియొద్దకు రాగలడన్నమాట. వారి హద్దు ఎక్కడ గీయవలెనో వారు వాదించుకొందురు గాక. వాదించవలసినదే.

మనము చేయదగినది ఇంకొకటి. వచ్చే ఆదివారము గుడికి పోవు దారిలో పని జరుగుచున్న చోట ఒక నిమిషము ఆగి, "బాబూ, కూలి సరిగా ఇస్తున్నారా?" అని అడుగుడి. ఏ ఊరు, ఏ కాగితము అని తరువాత అడుగవచ్చును. బర్క్లీలో మన భాషలో ఆ మొదటి ప్రశ్న అడిగినవారుండినయెడల, ఆ బిడ్డ ఈనాడు నలుబది దాటిన తల్లియై ఉండునేమో.