చిన్నవైపోయిన బట్టలు ఎవరివి?

పిల్లలకు చిన్నవైపోయిన బట్టలను కోసి, జ్ఞాపకంగా ఒక బొంత కుట్టించుకోవడం ఇప్పుడు నగరాల్లో అలవాటవుతోంది. పుట్టిన ఏడాది తొడిగిన గౌను, మొదటి పుట్టినరోజు జుబ్బా, బడికి పోయిన తొలినాటి చొక్కా – అన్నింటినీ చదరాలుగా కత్తిరించి, వరుసగా అతికి, అడుగున కొత్త గుడ్డ వేసి కుట్టిస్తారు. డబ్బు తీసుకుని కుట్టిపెట్టేవాళ్ళూ ఉన్నారు. చదువుకుని, ఉద్యోగాలు దొరికి పట్నంలో స్థిరపడిన మా లంబాడీ పిల్లలు కూడా ఇలాంటి బొంతల మీద మనసు పడుతున్నారు. అందులో తప్పేముందని అడగవచ్చు. తప్పని మేమూ అనడం లేదు. కాని బొంత తండాకు కొత్త కాదు. పాతగుడ్డను పనికొచ్చే వస్తువుగా మార్చడం మా యాడీలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ బొంతకూ ఈ బొంతకూ నడుమ ఉన్న తేడా గుడ్డలోనూ కుట్టులోనూ లేదు. అది ఎక్కడుందో తేల్చుకోవాలనే ఈ నాలుగు మాటలు.

ముందు మా బొంత సంగతి. చేన్లలో పని తగ్గి ఎండలు ముదిరాక బొంతలు కుడతారు. ఏడాదంతా మూటగట్టి పెట్టిన పాతగుడ్డలు అప్పుడు విప్పుతారు. చీరలు, పంచెలు, అంచు చిరిగిన ఫేటియాలు, మోచేతుల దగ్గర పోయిన అంగీలు. ఉతికి ఆరవేసి, కుట్లు విప్పి, గుండీలూ హుక్కులూ తెంపి డబ్బాలో వేస్తారు. గుండీ పారేసే ఇల్లు తండాలో ఉండదు. వాకిట్లో గట్టి చీర ఒకటి పరిచి, దానిమీద ముక్కలు సర్ది, పలచగా ఉన్నచోట ఇంకో వరుస వేసి, పైన మరో చీర కప్పుతారు. ఇద్దరు ఆడవాళ్ళు చెరో అంచున కూర్చుని నడిమికి కుట్టుకుంటూ వస్తారు. నూలుగుడ్డలో సూది తేలిగ్గా దిగుతుంది. బనియన్ గుడ్డ సాగి ముడతపడుతుంది, అందుకని దాన్ని లోపలికి తోస్తారు. నాలుగు పొరలైతే చలికాలానికి చాలు. తడిసిందంటే మాత్రం పిండడానికి ఇద్దరు కావాలి.

ఆ బొంతలో చిన్నపిల్లల బట్టలు ఎక్కువ కనబడవు. అవి అక్కడిదాకా రావు మరి. పెద్దవాడి లాగు చిన్నవాడికి, వాడి దగ్గర్నుంచి చిన్నాయన కొడుక్కి, అక్కడినుంచి పక్క తండాలో మేనత్త ఇంటికి పోతుంది. నలుగురి ఒంటిమీద నలిగాక మిగిలేది పీలికలే. గిన్నె దింపడానికి మసిగుడ్డగానో, పశువు కాలికి కట్టుగానో అది తన ఆఖరి పని చేస్తుంది. ఫలానా పిల్లవాడిదని చెప్పడానికి అప్పటికి దానిమీద ఎవరి గుర్తూ ఉండదు.

ఇంకొకటి గమనించాలి. పుట్టిన బిడ్డకు వెంటనే కొత్తబట్ట వేయరు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతచీర ముక్కలో చుడతారు. కొత్తగుడ్డలో గంజి ఉంటుంది, లేత ఒంటికి గీసుకుంటుంది. ఇది మా తండాల్లోనే కాదు, తెలుగు పల్లెల్లో చాలా ఇళ్ళలో ఉన్నదే. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ గిరిజన స్త్రీలు పాతబట్టలతో కుట్టే బొంతను కవంద్ అంటారు. పసిపిల్లలకు చిన్న కవంద్‌లు కుడతారు. నాలుగు మూలలా మడిచిన త్రికోణపు గుడ్డలు పెడతారు. వాటిని పూలంటారు. అవి లేని కవంద్ ఒంటిమీద బట్టలేని మనిషితో సమానమని వాళ్ళ లెక్క. బిహార్‌లో సుజని కూడా పాతచీరలతో పుట్టిన బిడ్డ కోసం మొదలైనదే. ఊళ్ళు వేరు, భాషలు వేరు. గుడ్డ పోయే దారి మాత్రం ఒకటే. ముసలివాళ్ళ ఒంటినుంచి పసిబిడ్డ ఒంటికి.

జ్ఞాపకపు బొంతలో ఆ దారి తిరగబడింది. అక్కడ బిడ్డ ఒంటినుంచి తీసిన గుడ్డ తల్లిదండ్రుల దగ్గరికి పోతుంది. అవ్వ చీరలో నిద్రపోయే బిడ్డకు ఆ చీర వెచ్చదనం. బిడ్డ గౌను ముక్కలు బీరువాలో పెట్టుకున్న తల్లికి అది గడిచిన కాలం. మొదటిదాన్ని వాడి అరగదీస్తారు. రెండోదాన్ని అరగకుండా కాపాడతారు. మా ప్రశ్న ఇక్కడినుంచే మొదలవుతుంది. ఆ బాల్యం ఎవరిది? తొడుక్కున్న బిడ్డదా, తొడిగిన తల్లిదా? ఆ గౌను కోయడానికి ముందు బిడ్డను ఎవరూ అడగరు. అడిగే వయసూ కాదు. ఇరవై ఏళ్ళు వచ్చాక ఆ పిల్ల "నాకిది వద్దమ్మా" అంటే తల్లి నొచ్చుకుంటుంది. నొచ్చుకునే హక్కు తల్లికుంది, వద్దనే హక్కు కూతురికీ ఉంది. జ్ఞాపకం పేరుతో ఇచ్చే వస్తువు ఒక్కోసారి అప్పులా మెడకు చుట్టుకుంటుంది.

ఇంకొక పిల్లవాడి సంగతీ ఉంది. కోసిన ఆ ముప్ఫై బట్టల్లో సగమైనా ఇంకా తొడగదగ్గవే. వాటిని తొడుక్కోగల పిల్లవాడు పక్కవీధిలోనే ఉంటాడు. కత్తెర పడ్డాక ఆ అంగీ ఇంక ఎవరికీ రాదు. గుడ్డకు ప్రాణం లేదు కనుక పాపం లేదనుకుందాం. చలికి వణికే ఒళ్ళు ఎదురుగా ఉన్నప్పుడు తొడగదగ్గ అంగీని కోయడం మాకు మింగుడుపడదు.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు, గిరిజనులది పంచుకునే సంస్కృతి, పట్నాలది దాచుకునే సంస్కృతి అని తేల్చేస్తారేమో. అలాంటి పొగడ్తలు మాకు అలవాటే. సభల్లో శాలువా కప్పి చెప్పే మాటలవి. నిజమేమిటంటే మా తల్లులు పంచింది సగం ప్రేమతో, సగం గత్యంతరం లేక. రెండో బిడ్డకు కొనలేని ఇంట్లో మొదటి బిడ్డ లాగును దాచుకోవడం కుదరదు. లేమి చేయించిన పనిని గుణమని మెచ్చుకుంటే, ఆ తల్లి మనసులో ఉన్న ఇంకో కోరికను మనం తుడిచేసినట్టే. దాచుకోవాలని ఆమెకూ ఉంటుంది. మా ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున వెతికి చూడండి. గవ్వలు కుట్టిన పసిపిల్ల టోపీ ఒకటి, రంగుపోయిన మొలతాడు ఒకటి దొరుకుతాయి. పెద్దగా మాట్లాడరు వాటి గురించి. పోయిన బిడ్డ గుడ్డలు ఇంట్లో ఉంచకూడదనే ఆచారం ఉన్నచోట కూడా ఒక ముక్క ఎక్కడో మిగిలే ఉంటుంది.

నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాల పేరు 1999లో, మళ్ళీ 2001లో పత్రికలకెక్కింది. పుట్టిన కొద్దిరోజులకే ఆడపిల్లలను కొద్దిపాటి డబ్బుకు దళారుల చేతుల్లో పెట్టారని, అక్కడినుంచి దత్తత కేంద్రాలకు చేర్చారని బయటపడింది. కొన్నవాళ్ళ గురించి కన్నా కన్నవాళ్ళ గురించే ఎక్కువ రాశారు. అమ్ముకున్న తల్లులన్నారు. కరువు గురించి, మూడో ఆడపిల్ల పుట్టినప్పుడు ఆ ఇంట్లో పడే మాటల గురించి అంతగా రాయలేదు. ఆ పిల్లలు ఇప్పుడు ఇరవై దాటిన పడుచులు. ఎక్కడో ఉన్నారు, కొందరు వేరే దేశాల్లో ఉన్నారు. ఆ తల్లుల దగ్గర చిన్నవైపోయిన బట్టలంటూ ఏవీ లేవు. ఆ ఇంట్లో ఏ బట్టా చిన్నదయ్యేదాకా ఆ బిడ్డ ఉండలేదు. జ్ఞాపకపు బొంత మంచిదా చెడ్డదా అని మాలో మేము వాదించుకునేటప్పుడు ఈ తల్లులు గుర్తొస్తే మా గొంతు తగ్గుతుంది. దాచుకోవడానికి ఒక గుడ్డముక్క ఉండటం కూడా అందరికీ దక్కే భాగ్యం కాదు. అది ఉన్నవాళ్ళను ఎగతాళి చేయడం మాకు చేతకాదు.

మాటవరసకు ఇంకొకటి. 2023 జులైలో హంపీలో జీ20 సాంస్కృతిక సమావేశాల సందర్భంగా సండూరు లంబాణీ స్త్రీలు కుట్టిన 1755 వస్తువులను ఒకచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు ఇచ్చారు. అది వాళ్ళ కష్టానికి వచ్చిన గౌరవం, సంతోషించాం. మా అవ్వల పాత కాంచళీలను చవకగా కొని, కోసి, చేతిసంచులకూ గోడగుడ్డలకూ అతికి అమ్మేవాళ్ళు మాత్రం వేరు. అది కూడా జ్ఞాపకాన్ని కోయడమే. కాకపోతే ఆ జ్ఞాపకం ఎవరిదో కొన్నవారికి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు.

మరి మా పిల్లలు అడిగితే ఏం చెబుతున్నాం? తొడగదగ్గవన్నీ ముందు తీసి ఇచ్చేయమంటున్నాం. చిరిగినవి, మరకపడినవి, ఇంకెవరికీ పనికిరానివి కోయమంటున్నాం. వాటిల్లో కూడా బిడ్డ ఎక్కువ ఇష్టపడి తొడిగినది ఏదో ఆ బిడ్డనే అడగమంటున్నాం, నాలుగేళ్ళ పిల్ల అయినా చెప్పగలదు. కుట్టాక బీరువాలో పెట్టవద్దు, కప్పుకోండి. బొంత అన్నాక చిరగాలి. చిరిగినచోట ఇంకో ముక్క పడుతుంది. అవ్వ చీర ముక్క ఒకటి అందులో కలిపితే మరీ మంచిది.

తండాల్లో ఈమధ్య కుట్టే బొంతల్లో ఒకే రంగు ముక్కలు ఎక్కువ కనబడుతున్నాయి. అవి ఆశ్రమ పాఠశాలల, గురుకులాల యూనిఫారాలు. చిన్నవయసులోనే ట్రంకుపెట్టెతో హాస్టలుకు పోయిన పిల్లలు అక్కడే పొడుగవుతారు. సెలవులకు వచ్చినప్పుడు పొట్టివైపోయిన జతను ఇంట్లో వదిలి పోతారు. ఎవరి అంగీ ఎవరిదో కలిసిపోకుండా కాలరు లోపల మార్కరుతో నంబరు రాసి ఉంటుంది. బొంత కుట్టేటప్పుడు కొందరు తల్లులు ఆ కాలరును తీసేయరు. చదవడం రాకపోయినా ఆ నంబరు ఎవరిదో వాళ్ళకు తెలుసు. దాన్ని తలవైపు, పైకి కనబడేలా పెట్టి కుడతారు.