ఈ మధ్య ఏం వింటున్నారు?



సంగీతమంటే చెవికోసుకునేవారు ఇద్దరు కలిస్తే, క్షేమ సమాచారాలు అయిన వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఈ మధ్య ఏం వింటున్నారు?" చాలా మామూలు ప్రశ్నే. కాని నిదానంగా ఆలోచిస్తే అందులో మనస్సాక్షికి సంబంధించిన సంగతి కనిపిస్తుంది. మనకు నచ్చిన పాటను మరొకరితో పంచుకునేటప్పుడు మనం వారికి నిజంగా ఇస్తున్నదేమిటి?

అన్నం పంచితే మన కంచంలో కొంత తగ్గుతుంది. పాట పంచితే ఏమీ తగ్గదు. మరి మన వద్ద ఏమీ తగ్గించని దానిని కానుక అనవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానం పాత రోజులను తలచుకుంటే దొరుకుతుంది.

నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు నాలుగు నిమిషాల పాట మాత్రమే. పెద్ద సంగీత రచన అయితే అనేక రికార్డులు కావలసివచ్చేవి. వాటిని ఫోటోల పుస్తకంలాగా అట్టలు వేసి కట్టేవారు. 'ఆల్బమ్' అన్న పేరు అలా వచ్చినదే. 1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా మోగే లాంగ్ ప్లే రికార్డును తెచ్చిన తరువాత కూడా ఆ పేరు నిలిచిపోయింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్‌ను తెచ్చింది. ఇంట్లోని టేప్ రికార్డర్‌తో స్నేహితునికి అరవై నిమిషాల క్యాసెట్ నింపి ఇవ్వాలంటే మామూలుగా అరవై నిమిషాలూ పట్టేది. మధ్యలో క్యాసెట్ తిప్పి పెట్టాలి, పాటల పేర్లు అట్ట మీద చేతితో రాయాలి. అక్కడ ఇచ్చింది పాట ఒక్కటే కాదు, ఒక గంట జీవితం కూడా.

1979లో జపానులోని సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసినప్పుడు మొదటి నమూనాలో ఇద్దరు కలిసి వినడానికి వీలుగా రెండు ఇయర్‌ఫోన్లు తగిలించే ఏర్పాటు ఉండేది. పక్కన మనిషి ఉండగా ఒక్కరే చెవులు మూసుకుని పాట వినడం అమర్యాద అవుతుందని ఆ సంస్థ అధిపతి అకియో మోరిటా భావించారు. కొన్నవారు మాత్రం దానిని తమ సొంత వస్తువుగానే చూసుకున్నారు. క్రమేణా ఆ రెండవ ఏర్పాటు కనుమరుగైంది.

నేడు ఫోనులో ఒక్క వేలితో నూరుమందికి ఒకేసారి పాట పంపవచ్చు. ఇందులో తప్పేమీ లేదు. గల్ఫ్‌లో పనిచేసే కొడుకు ఊళ్లోని తల్లికి ఆమె ఇష్టపడే పాట పంపితే అంతకన్న మంచి ఏముంటుంది? అయితే సులువుగా వచ్చినదానిని సులువుగానే తోసివేస్తున్నాం. పది సెకన్లు కూడా వినకుండా "చాలా బాగుంది" అని జవాబిస్తున్నాం. అది చిన్నదే అయినా అబద్ధమే కదా!

పంపేవారిలోనూ మరొక అబద్ధం ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఘంటసాల పాడిన పాత సినిమా పాటలు పాడుకునే మనిషి, నలుగురిలో అడిగితే తాను ఎప్పుడో ఒకసారి విన్న గొప్ప కచేరీ పేరు చెబుతాడు. అప్పుడు అతడు పంచుతున్నది ఆనందాన్ని కాదు, తన స్థాయిని. ఎందుకిలా? మన అభిరుచిని చూసి ఇతరులు నవ్వుతారన్న భయం. ఆ భయానికి కారకులు ఎవరు? ఒకప్పుడు నవ్విన మనమే. తనకు ప్రాణమైన పాట పేరు చెప్పినప్పుడు ఎగతాళికి గురైన పిల్లవాడు మరల ఇంట్లో మనసు విప్పుతాడా?

అలాగని నచ్చనిదానిని మెచ్చుకోనక్కరలేదు. "నాకు అంతగా పట్టుబడలేదు, మీకు ఎక్కడ నచ్చిందో చెప్పండి" అనవచ్చు. ఆ మాటలో సత్యమూ ఉంది, ప్రేమా ఉంది. మనకు పాట నచ్చకపోయినా, దానిని ప్రేమించిన మనిషి కాస్త అర్థమవుతారు.

కాబట్టి పాట కానుక కావాలంటే రెండు వెలలు చెల్లించాలి: చెప్పేవారు నిజం చెప్పాలి, వినేవారు సమయం ఇవ్వాలి. ఈ వారం మీ ఇంట్లోని పెద్దవారిని గాని, పిల్లవాడిని గాని "ఈ మధ్య ఏం వింటున్నావు?" అని అడిగి చూడండి. వారు చెప్పిన పాటను, ఫోను పక్కన పెట్టి, పక్కనే కూర్చుని చివరిదాకా వినండి.