ఆ గంట ఎవరిది?

కొత్తగా రాస్తున్న అమ్మాయిలకు మనం ఇచ్చే సలహాలన్నీ కలిపినా ఒక పేజీ దాటవు. రోజూ రాయండి, కనీసం గంట. ఆ గంటను ఎవరికీ ఇవ్వకండి. రాసినదాన్ని వారం పక్కనపెట్టి మళ్ళీ చూడండి. పైకి చదువుకోండి, నాలుక తడబడిన చోట వాక్యం మార్చండి. నేనూ కాలేజీల్లో, కథా వర్క్‌షాపుల్లో ఇవే చెప్తుంటాను. ఇవి పనికిరాని మాటలేం కావు. నా పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథం పూర్తయింది ఈ పద్ధతిలోనే, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా కూర్చుని.

అయితే వీటిలో ఒకటి మిగతావాటి లాంటిది కాదు. చదవడం, దిద్దుకోవడం రచనకు సంబంధించినవి. "ఆ గంటను ఎవరికీ ఇవ్వకండి" అన్నది ఇంటికి సంబంధించినది. గంట ఆకాశంలోంచి ఊడిపడదు. ఎవరో ఒకరి దగ్గర్నుంచి రావాలి. ఎవరి దగ్గర్నుంచి అన్నది చెప్పకుండా సలహా ఇవ్వొచ్చా అన్నదే నా ప్రశ్న.

ఈ సలహాకు మూలం మనందరికీ తెలిసిందే. వర్జీనియా వూల్ఫ్ 1929లో, స్త్రీ రాయాలంటే సొంత గది, ఏడాదికి ఐదు వందల పౌన్లు కావాలంది. ఎం.ఏ. క్లాసులో ఆ పుస్తకం చదివినప్పుడు గది గుర్తుంది, పౌన్లు గుర్తున్నాయి. ఆ డబ్బు ఎక్కడిదో మాత్రం పట్టించుకోలేదు ఎవరమూ. పుస్తకంలో కథకురాలికి ఆ ఆదాయం మేనత్త వదిలిపోయిన ఆస్తి నుంచి వస్తుంది. ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీదినుంచి పడి చనిపోయింది. బొంబాయిలో ఒక ఇంగ్లీషు దొరసాని గుర్రపుస్వారీ చేయడం వెనక ఎవరి శ్రమ ఉందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక వూల్ఫ్ ఇంట్లో 1916 నుంచి 1934 దాకా వంట చేసిన మనిషి పేరు నెల్లీ బాక్సాల్. ఆమెతో పడిన గొడవలు డైరీల నిండా ఉన్నాయి. సొంత గది గురించిన పుస్తకం వచ్చిన ఆ రోజుల్లోనే నెల్లీ తన గదిలోంచి యజమానురాలిని బయటికి పొమ్మంది. ఈ సంగతులన్నీ అలిసన్ లైట్ 2007లో పుస్తకంగా రాసింది. దానివల్ల వూల్ఫ్ నాకేమీ చిన్నదైపోలేదు. ఆ గదికి ఇంకో తలుపుందని తెలిసింది, అంతే.

నల్లజాతి రచయిత్రులు ఈ తలుపు చాలా ముందే తట్టారు. తన ఒంటిమీద తనకే హక్కు లేని బానిస కవయిత్రి ఫిలిస్ వీట్లీ సంగతేమిటని ఆలిస్ వాకర్ వూల్ఫ్‌ని అడిగింది. కవిత్వమే అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే కళ, పని షిఫ్టుల మధ్య కూడా రాసుకోవచ్చు, వచనానికి కాగితాలూ టైపురైటరూ తీరికా కావాలి అని ఆడ్రీ లార్డ్ గుర్తుచేసింది. ఏ ప్రక్రియలో రాస్తామన్నది కూడా వర్గం నిర్ణయిస్తుందన్నమాట. మన దగ్గరా అంతే. 'నల్లపొద్దు' (2003), 'నల్లరేగటి సాల్లు' (2006) వచ్చాక 'వంటిల్లు' అనే మాటకు ఒక్కటే అర్థం మిగల్లేదు. మనం ఏ వంటింట్లోంచి బయటపడాలని రాశామో, ఆ వంటింట్లోకి జీతానికి వచ్చే మనిషి ఉంది. ఆమె ఇంట్లో ఆమె వంట ఎప్పుడవుతుంది?

మా ఇంటికి ఆమె ఆరున్నరకు వస్తుంది. ఆ వేళకు రావాలంటే నాలుగింటికి లేవాలి, నీళ్ళు పట్టాలి, పిల్లలకు వండిపెట్టాలి, బస్సెక్కాలి. అంటే నేను లేచే వేళకు ఆమె కూడా లేచే ఉంటుంది. నా రెండు గంటల్లోంచి సిద్ధాంత గ్రంథం వచ్చింది. ఆమె రెండు గంటల్లోంచి, ఆ గ్రంథం మూసి నేను హాయిగా కాలేజీకి బయల్దేరగలగడం వచ్చింది.

జీతం ఇస్తున్నాం కదా అంటారు. ఇస్తున్నాం. ఆ జీతం గిన్నెలకు, బట్టలకు కడుతున్నాం. గంటకు ఖరీదు కట్టడం లేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివారి కోసం 189వ ఒప్పందం చేసింది. వారానికి కనీసం ఇరవై నాలుగు గంటలు వరసగా విశ్రాంతి ఉండాలని అందులో ఉంది. భారతదేశం ఇంతవరకూ దాన్ని ధృవీకరించలేదు. అది సంతకం కానందువల్ల మిగిలిన గంటల్లో కొన్ని మన పుస్తకాల్లోనూ ఉన్నాయి.

ఇంకో అభ్యంతరం ఉంది, అది నాకు ఎక్కువ కష్టమైనది. మగ రచయితలను ఎవరైనా ఎప్పుడైనా ఇలా అడిగారా? వాళ్ళు మేడమీద గదిలో తలుపేసుకుని నవలలు రాసుకున్నారు. మనం గంట సంపాదించుకోగానే దానికి లెక్క చెప్పమనడం స్త్రీల మీద మరో బరువు కాదా? ఒక స్నేహితురాలు కోపంగానే అంది ఈ మాట. ఆ కోపం న్యాయమైనదే. కానీ మగవాళ్ళ ముందుమాటల్లో చివరిపేరాలో కనిపించే 'సహకరించిన నా శ్రీమతి'ని చూసి మనమెంత నవ్వుకున్నాం! ఆ ఒక్క వాక్యం కింద ఎంత చాకిరీ పూడ్చిపెట్టారో తవ్వి చూపించడమే కదా స్త్రీవాద విమర్శ చేసింది. ఆ పార మన పెరట్లోకి వచ్చేసరికి గోడకు ఆనించేస్తే ఎలా? అపరాధ భావన గురించి కాదు నేనంటున్నది. అది చాలా చవకైనది, పైగా అదీ మన గురించే.

ఇది రచనా నైపుణ్యానికి కూడా సంబంధించిన విషయం. మన కథల్లో ఇంటిపని చేసే స్త్రీ టీ ఇస్తుంది, మొగుడు కొట్టాడని చెప్తుంది, వెళ్ళిపోతుంది. పేజీ బయట ఆమెకు సమయం గడవదు. కథ దిద్దేటప్పుడు నేనిప్పుడు ఒకటి చూడమంటాను: మీ నాయిక కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తున్న ఆ అరగంట పొయ్యి దగ్గర ఎవరున్నారు? రాయక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు, వాక్యంలో తేడా వస్తుంది. అలాగే ఆమె చెప్పుకున్న కష్టం మనకు 'వస్తువు' అయినప్పుడు అది ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' (1986)లో సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు వాళ్ళ పేర్లమీదే ఉన్నాయి. కథ చరిత్ర కాదు, నిజమే. అయినా కథల్లో మనకున్న స్వేచ్ఛ కొంచెం ఎక్కువైందేమో అనిపిస్తుంది నాకు.

నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, రోజూ గంట రాయమనగానే లేచి అంది: "మేడం, మా అమ్మ రాత్రి పదకొండు దాంక బీడీలు చేస్తది. ఉన్నది ఒక్కటే అర్ర. నేను ఎవలి గంట తీసుకోవాలె?" ఆ పిల్ల ముందు 'తలుపేసుకోండి' అన్న సలహా నిలబడదు. వెయ్యి బీడీలకింత అని కూలి వచ్చే ఇంట్లో తల్లి గంట తీసుకుంటే కూలి తగ్గుతుంది. తన నిద్రలోంచి తీసుకుంటే ఒళ్ళు తగ్గుతుంది. మీ అన్న ఏం చేస్తాడని అడిగాను. టీవీ చూస్తాడట. అందరూ నవ్వారు. కానీ సలహా అక్కడే మొదలవ్వాలి. గంట తీసుకోవడానికి ఒక వరస ఉంది. ఇంట్లో ఎవరి దగ్గర గంటలు మిగులుతున్నాయో వాళ్ళ దగ్గర ముందు తీసుకోవాలి. మనం చాలామందిమి ఈ వరసను తలకిందులు చేస్తాం. గొడవ పడలేక మొగుణ్ణి వదిలేసి అమ్మనో, అత్తనో, పనికొచ్చే ఆమెనో, చివరికి మన నిద్రనో అడుగుతాం. వాళ్ళయితే కాదనరు.

నా గ్రంథం ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. కృతజ్ఞతల పేజీలో పేరు వేస్తానని ఆమెతో అన్నాను. "పేరేసి ఏం జేస్తవమ్మా, ఆయితారం పొద్దుగాల గూడ సుట్టి ఇయ్యి" అంది. పేరూ వేశాను, సెలవూ ఇచ్చాం. ఆదివారం గిన్నెలు ఒక వారం నావి, ఒక వారం మా ఆయనవి. ఆయన వంతు వచ్చిన వారం గిన్నెలు సోమవారం దాకా నానుతుంటాయి. ప్రూఫులు దిద్దడం ఇరవై రోజులు ఆలస్యమైంది.