పక్షికి కూడా నీటిలో వాటా ఉంది

స్పెయిన్ దేశపు పటం చూస్తే నదులు, సరస్సుల పేర్లలో మనకు పరిచయమున్న భాష పలుకుతుంది. అక్కడి గ్వాదల్‌క్వివిర్ నది పేరు అరబీలోని ‘వాదీ అల్ కబీర్’ (పెద్ద నది). వలెన్సియా పక్కనున్న అల్బుఫెరా సరస్సు పేరు ‘అల్ బుహైరా’ నుంచి వచ్చింది. ముస్లింల పాలన పోయింది, పేర్లు నిలిచాయి. ఆ పేర్లు విని మనం మురిసిపోతాం. ఈసారి ఆ నీటిని గురించి కాస్త ఆలోచిద్దాం.

గ్వాదల్‌క్వివిర్ సముద్రంలో కలిసేచోట దొన్యానా అనే విశాలమైన చిత్తడి నేల ఉంది. 1969లో దాన్ని జాతీయ వనంగా ప్రకటించారు. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చలికాలంలో ఉత్తర ఐరోపా నుంచి బాతులు, ఇతర నీటిపక్షులు పెద్ద సంఖ్యలో అక్కడికి వస్తాయి. ఐరోపా, ఆఫ్రికాల మధ్య ప్రయాణించే పక్షులకు అదొక మజిలీ. వాటిని చూడటానికి దేశదేశాల నుంచి జనం దుర్భిణీలతో వస్తారు.

ఇలా చూడటం కాలక్షేపమేనా? కాదు. రెక్కలు చాస్తూ ముడుస్తూ తమపై ఎగిరే పక్షులను చూడలేదా, కరుణామయుడు తప్ప వాటిని ఎవరు నిలిపి ఉంచుతున్నారని ‘ముల్క్’ సూరా మనల్ని ఆలోచింపజేస్తుంది. నేలపై నడిచే జీవులు, రెక్కలతో ఎగిరే పక్షులు కూడా మీలాంటి సముదాయాలేనని ‘అన్‌ఆమ్’ సూరా తెలుపుతుంది. కనుక దైవసూచనగా భావించి పక్షిని చూసేవాడి చూపు కూడా ఆరాధనే. అయితే ఆ చూపుతోనే మన బాధ్యత తీరిపోతుందా? అసలు ప్రశ్న ఇది.

దొన్యానా చుట్టుపక్కల స్ట్రాబెర్రీ తోటలున్నాయి. వాటి కోసం బోర్లు వేసి భూగర్భజలాన్ని తోడుతున్నారు. అనుమతి లేని బోర్లూ ఉన్నాయి. ఈ తోడకం నుంచి దొన్యానాను కాపాడటంలో స్పెయిన్ విఫలమైందని 2021లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2022, 2023 వేసవుల్లో అక్కడి సాంత ఒలాయా మడుగు పూర్తిగా ఎండిపోయింది. ఏడాది పొడవునా నీరుండే మడుగుల్లో అదే పెద్దది. కరువు ఒక కారణం, బోర్లు మరో కారణం. ఆ పండ్లు ఐరోపా అంతటా అమ్ముడవుతాయి. పొద్దున పక్షిని చూసి పరవశించిన మనిషే సాయంత్రం దాని నీటితో పండిన పండు తింటాడు. తాను ఏమి తిన్నాడో అతనికి తెలియదు.

‘మనిషి పొట్టకంటే పక్షి ఎక్కువా?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ తోటల్లో మొరాకో నుంచి వచ్చిన మన సోదరీమణులు కూడా కూలి చేసి పిల్లలను పోషించుకుంటున్నారు. ఇస్లాం వారి ఆకలిని చిన్నచూపు చూడదు. అయితే మన ఫిఖహ్ పండితులు నీటి హక్కును రెండుగా విభజించారు. ఒకటి తాగే హక్కు. దానికి వారు వాడిన పదం ‘షఫ’, అంటే పెదవి. ఇందులో మనుషులతోపాటు పశువులూ ఉన్నాయి. రెండవది పొలానికి పారించే హక్కు. సొంత బావి ఉన్నవాడు కూడా దప్పిగొన్న మనిషిని, పశువును తరిమివేయరాదు. పొలం పారించుకునేవాడు మాత్రం యజమాని అనుమతి తీసుకోవాలి. అంటే దాహం ముందు, పంట తర్వాత. ఈ క్రమాన్ని అడవి పక్షికి కూడా వర్తింపజేయడమే సబబని మేము భావిస్తున్నాం. ఎందుకంటే దానికి యజమాని లేడు, దాని తరఫున వాదించేవాడూ లేడు.

మిగులు నీటిని ఆపి పచ్చికను అడ్డుకోవద్దని దైవప్రవక్త (స) వారించారు. దప్పిగొన్న కుక్క కోసం బావిలోకి దిగి తన మేజోడుతో నీరు తెచ్చిన మనిషిని అల్లాహ్ క్షమించాడని తెలిపారు. పిల్లలను పోగొట్టుకుని రెక్కలు కొట్టుకుంటున్న చిన్న పక్షిని చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. ఆయన ఆ పక్షిని చూసి ఊరుకోలేదు, దాని హక్కును దానికి ఇప్పించారు. మన చూపుకు కొలమానం ఇదే.

రైతును రోడ్డున పడేయకుండానే ఈ పని చేయవచ్చు. బోరు నీటి సాగు మానుకునే రైతులకు పరిహారం ఇచ్చేలా 2023 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం, అండలూసియా ప్రాంతీయ ప్రభుత్వం ఒప్పందానికి వచ్చాయి. మనిషి తలచుకుంటే నష్టాన్ని సరిదిద్దగలడు. 2002లో వందలోపు మిగిలిన ఐబీరియన్ లింక్స్ అనే అడవిపిల్లులు 2023 నాటి లెక్కలో రెండువేలు దాటడమే అందుకు నిదర్శనం.

ఇది పరాయి దేశపు కథ అనుకోకండి. చేపల చెరువుల కోసం మన కొల్లేటిని గట్లతో ముక్కలు చేసుకున్నాం. 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగగొట్టించాల్సి వచ్చింది. మన వాకిట్లో బోరు, మన వజూ కొళాయి కూడా ఈ లెక్కలోనివే. నేల కింది నీరు మన ఆస్తి కాదు, అమానత్. రేపు ప్రళయదినాన దాని లెక్క అడిగేటప్పుడు, కాగితాల మీద మన పేరుందని చెప్పి తప్పించుకోలేం.

అల్లాహ్ మనకు చూసే కళ్లతోపాటు, చూసినదాని హక్కును చెల్లించే మనసును కూడా ప్రసాదించుగాక! ఆమీన్.