ఒక ప్రాంగణము, రెండు వాగ్దానములు

మన యిండ్లలో ముందు వసారా యొక్కటియే యైనను దాని యుపయోగములు పెక్కులు. ఉదయమున నది పిల్లలు చదువుకొను చోటు, మధ్యాహ్నమున భోజనశాల, రాత్రి చాపలు పఱచినచో పడకగది. ఒక్క స్థలమును బహుకార్యములకు వినియోగించుట గృహస్థుని నేర్పని మనము గర్వింతుము, అది న్యాయమే. అయితే ఈ నేర్పునకు హద్దు కలదా? ఒకరికిచ్చిన చోటును మఱియొకరికిని ఈయదలచినపుడు మొదట నడుగవలసిన ప్రశ్న యేది? ఇంగ్లండులోని రెండు గొప్ప క్రీడాప్రాంగణముల చరిత్ర యీ విచారమునకు తోడ్పడునని తలచి పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా చిక్కెచ్చటనున్నదో చూతము. పరుగుపందెముల బాట అండాకారము. ఫుట్‌బాల్ మైదానము దీర్ఘచతురస్రము. నేటి ప్రమాణము ననుసరించి 400 మీటర్ల బాటలో తిన్నని భాగము 84.39 మీటర్లు, వంపు వ్యాసార్ధము 36.5 మీటర్లు. కావున లోపలి స్థలము పొడవు సుమారు 157 మీటర్లు. అందు 105 మీటర్ల ఫుట్‌బాల్ మైదానమును నడుమ నుంచినచో ఒక్కొక్క గోలు వెనుక 26 మీటర్లు మిగులును. ఎనిమిది వరుసల బాట వెడల్పు మఱి పది మీటర్లు. అనగా గోలు వెనుక మొదటి వరుసలో కూర్చున్నవాడు సయితము ఆటకు 36 మీటర్ల దూరముననుండును. ఫుట్‌బాల్ ప్రియులకు సామీప్యమే ప్రాణము. పరుగు ప్రియులకు బాటయే ప్రాణము. ఒకరి ప్రాణము మఱియొకరికి అడ్డు.

2002లో మాంచెస్టరు నగరమున కామన్‌వెల్తు క్రీడలు జరిగినవి. ఆ ప్రాంగణము పిదప ఫుట్‌బాల్ జట్టునకు చెందవలెనని ముందుగనే నిశ్చయించిరి. క్రీడలు ముగియగానే బాటను తొలగించి, నేలను క్రిందికి త్రవ్వి, ఆ లోతున క్రొత్త యాసనముల వరుసలు కట్టిరి. సుమారు 38 వేలమందికి చాలిన చోటు 48 వేలమందికి చాలినది. 2003లో మాంచెస్టర్ సిటీ జట్టు అందు ప్రవేశించినది. పరుగుపందెములకు ప్రక్కనే చిన్న ప్రాంగణమొకటి యేర్పడినది.

లండను కథ వేఱు. 2005లో ఒలింపిక్ క్రీడలను కోరునపుడు, క్రీడల యనంతరమును పరుగుబాట నిలుచునని ఆ నగరము మాట యిచ్చినది. 80 వేల యాసనములతో కట్టి, 2012 క్రీడల పిమ్మట 25 వేలకు తగ్గింపవలెనని మొదటి సంకల్పము. తరువాత, పెద్ద జట్టొకటి లేనిదే యంతటి కట్టడమును పోషింపజాలమను భయము పుట్టినది. వెస్ట్‌హామ్ జట్టును పిలిచిరి. బాటను తీయలేదు; ఫుట్‌బాల్‌ను వదలలేదు. బాటను కప్పుచు ముందునకు వచ్చి, అవసరమైనపుడు వెనుకకు జరుగు నాసనములను కల్పించిరి. ఈ మార్పులకు 19 కోట్ల పౌండ్లు చాలునను అంచనా 32 కోట్ల 30 లక్షలకు పెరిగినది. ఆసనములను జరుపుటకు ఏట 3 లక్షలు చాలుననుకొనిరి; 80 లక్షల వఱకగుచున్నదని 2017లో నగరాధ్యక్షుడు చేయించిన విచారణ తేల్చినది. మార్పులకై జట్టిచ్చినది కోటి యేబది లక్షలు; మొదట నేర్పడిన యద్దె ఏటికి సుమారు 25 లక్షలు. కడమ భారమున పెద్దపాలు ప్రజాధనముపై బడినది. 1904 మొదలు తమదైన పాత మైదానమును 2016లో విడిచివచ్చిన అభిమానులలో పలువురు, ఆట తమకు దూరమైనదని వగచిరి.

అట్లయిన లండనువారు మాట తప్పవలసినదా? అట్లని మేము చెప్పము. జనము మూగు నాటకు చోటెట్లును దొరకును. జనము తక్కువగు నాటకు ఇచ్చిన మాటయే యండ. 2017లో ప్రపంచ పరుగుపందెములు ఆ బాటపైననే జరిగినవి. అది మాట నిలుపుకొన్న ఫలము. అంతటి కట్టడమును వట్టిగా నుంచుట ధర్మమా యని కొందఱడుగుదురు. అదియు సరియైన ప్రశ్నయే. కాని రెండు ధర్మములు ఢీకొన్నపుడు వానిలో నేది ముఖ్యమో ఆలోచించి నిశ్చయించుట మనుష్యుని పని. ఆ పనిని యంత్రమునకు, కదలు నాసనములకు అప్పగించుట రెండు పడవలపై కాళ్లుంచుట వంటిది. ఎవరిని నిరాశపఱచవలెనో తేల్చలేని మెత్తదనమును దయ యని భ్రమించుచున్నాము. మాంచెస్టరువారు ముందే కాదనవలసినవారితో కాదని, వారికి వేఱుచోటు చూపిరి. లండనువారు ఇరువురితోను ఔననిరి. ఆ ఔనునకు వెల యేటేట చెల్లవలసివచ్చినది.

మన వసారాలో చాప పఱచువారును చుట్టువారును ఒక యింటివారే. అచ్చట ఆసనములను జరుపు వ్యయమును మోసినవారిలో ఆ యాటను ఎన్నడును చూడనివా రెందఱో కలరు. ఒక వస్తువు పదిమందికి పనికివచ్చుట మంచిదే. ఆ మంచితనమునకు మూల్యమిచ్చువారెవరో ముందుగా నడిగి, వారి సమ్మతిని పొందినపుడే అది నేర్పనిపించుకొనును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని మన పెద్దలన్నది అడుగు వేయకముందు తలపునకు వచ్చినగాని ఫలింపదు.